నా పేరు మరియా కాదు

హామిల్టన్,
మే నెల చివరి ఆదివారం.

అన్నయ్యకు,

చెల్లెలు స్వరూప నమస్కారాలు. కోపంలో ఉన్నా ముందు అందరి బాగోగులూ అడగాలని మనింట్లో నేర్పారు కాబట్టి అడుగుతున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఎండలకి తట్టుకోలేక మేడ మీద పడుకుంటోందని వదిన చెప్పింది. ఆ మెట్లు ఎక్కనివ్వకండి. నాన్న బీపీ మాత్రలు నీ షాపులోంచే తెచ్చిస్తున్నావు గదా, వేసుకుంటున్నారో లేదో కూడా చూడు. వదిన, బుజ్జి కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా ఒంట్లో బాగానే ఉంది. తింటున్నాను, నిద్రపోతున్నాను. అమ్మకి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు.

ఈ కాలంలో కాగితం మీద రాయడమేమిటని నవ్వుతావేమో. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వలేదు. స్పీకర్ పెట్టి, ఇంట్లో అందరూ వింటుండగా, "తాగి గొడవ చేశావట గదా" అన్నావు. నేను నోరు తెరిచేలోపు అంకుల్‌కి ఫోన్ చేసి క్షమాపణ చెప్పమని ఆర్డర్ వేసి పెట్టేశావు. మర్నాడు నేనే చేస్తే మళ్ళీ అదే పాట. నాన్న పక్కనే ఉన్నారు, ఆయన దగ్గు వినపడింది. ఆయనా ఒక్క మాట అడగలేదు. ఉత్తరమైతే మధ్యలో అడ్డుపడలేవు. నా ఫ్లాట్‌మేట్ హారిక సెలవుకి విజయవాడ వస్తోంది. ఆమె చేతికిచ్చి పంపుతున్నాను, తనే చీరాల వచ్చి నీకిస్తుంది.

మొదటి మాట. నేను తాగలేదు. ఆ రోజు మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. ఇంత మాట నీకు రాయాల్సి వచ్చినందుకే నాకు ఒళ్ళు మండుతోంది. ఇరవయ్యేడేళ్ళు నీ కళ్ళ ముందు పెరిగాను. సముద్రం అవతల నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్తే, నన్ను అడగకుండానే నమ్మేశావు.

ఎవరో కాదంటావు. ప్రసాద్ అంకుల్ వదినకి స్వయానా మేనమామ, మనవాడు, నాకు ఉద్యోగం ఇచ్చినవాడు. నిజమే. నేను దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి వచ్చింది ఆయనే. రోటోటూనాలో వాళ్ళింట్లో నెల రోజులు ఉంచుకున్నారు. ఆంటీ తన స్వెట్టర్ నాకిచ్చింది, అది ఇప్పటికీ వేసుకుంటున్నాను. చదువు అయ్యాక తన రెస్టారెంటులో అసిస్టెంట్ మేనేజరుగా పెట్టుకుని, నా వర్క్ వీసాకి కాగితాలన్నీ ఇచ్చారు. అవేవీ నేను మర్చిపోలేదు. కానీ అన్నయ్యా, ఆ వీసా ఎలాంటిదో నీకు తెలియదు. నేను ఆయన దగ్గర తప్ప ఇంకెక్కడా పని చేయకూడదు. ఆయన వద్దంటే ఈ దేశంలో నాకు పని లేదు. అది నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు, అంతే.

ఆయనది మెక్సికన్ రెస్టారెంటు. ఊళ్ళో ఇండియన్ హోటళ్ళు ఎక్కువైపోయాయని, ఎవరో ఈ దేశపు కివీ ఆయన అమ్ముకుంటుంటే ఇది కొన్నారు. వంటంతా లూపే చేతిలో ఉండేది. లూపే మెక్సికోలో పుయెబ్లా అనే ఊరి మనిషి. వయసులో అమ్మ కంటే కొంచెం చిన్న. కూతురు ఇక్కడి పాడి రైతుని పెళ్ళి చేసుకుంటే, మనవల కోసం వచ్చి ఉండిపోయింది. ఇంగ్లీషు ఆగి ఆగి మాట్లాడుతుంది. నన్ను "మిహా" అని పిలుస్తుంది, వాళ్ళ భాషలో "నా తల్లీ" అన్నట్టు. మొక్కజొన్న పిండితో రొట్టెలు అరచేతుల మధ్య తట్టి పెనం మీద వేస్తుంటే నాకు అమ్మమ్మ జొన్నరొట్టెలు గుర్తొచ్చేవి. ఎండుమిరపకాయలు వేయిస్తే కిచెనంతా ఘాటు కమ్మి ఇద్దరం కలిసి దగ్గేవాళ్ళం. అన్నం లేని రోజుల్లో నా కడుపు నిండింది ఆమె చేతి తిండితోనే. ఇక్కడ చలికాలం మొదలైతే పొద్దున పది దాకా పొగమంచు వీడదు, నది పక్క రోడ్డు అసలు కనపడదు. అలాంటి పొద్దుల్లో బస్సు దిగి కిచెన్‌లోకి వెళ్తే ఆ వెచ్చదనానికే ప్రాణం లేచొచ్చేది.

ఇప్పుడు విషయానికొస్తాను. మే ఐదో తారీఖు మెక్సికో వాళ్ళకి ఒక పండగ. అంకుల్ ఈసారి దాన్ని గ్రాండుగా చేద్దామన్నారు. ఏప్రిల్‌లోనే పోస్టర్లు వేయించారు. వాటి మీద "మెక్సికో స్వతంత్ర దినోత్సవం" అని రాయించారు. గడ్డి టోపీలు, అంటించుకునే మీసాలు పెట్టెలకొద్దీ తెప్పించారు. ఆ పోస్టరు చూసి లూపే ఇది తప్పు అంది. మా స్వతంత్ర దినం సెప్టెంబరులో, ఇది వేరే అని నెమ్మదిగానే చెప్పింది. అంకుల్ నవ్వి, "ఇక్కడ ఎవరికి తెలుస్తుందిలే, లూపే" అని వెళ్ళిపోయారు.

మరి ఇదేం పండగ అని నేనే ఆమెని అడిగాను. టమాటాలు కాలుస్తూ చెప్పింది. మన సిపాయిల తిరుగుబాటు జరిగిన కొన్నేళ్ళకే వాళ్ళ దేశం మీదికి ఫ్రాన్సు సైన్యం వచ్చిందట. వంక బాకీలు, అసలు కోరిక రాజ్యం. అప్పట్లో ప్రపంచంలో ఆ సైన్యాన్ని మించింది లేదని పేరు. ఓడరేవులో దిగి రాజధానికి నడుస్తుంటే దారిలో పుయెబ్లా అడ్డం. ఊరి పక్క గుట్ట మీద రెండు పాత కోటలు. వాటిలో నిలబడ్డ మెక్సికో సైనికుల చేతుల్లో పాతబడ్డ తుపాకులు. వాళ్ళలో చాలామంది పొలాల నుంచి వచ్చినవాళ్ళు. కొండ ఊళ్ళ జనం కొందరు కత్తులే పట్టుకుని వచ్చారట. లూపే నాయనమ్మది ఆ కొండ ఊళ్ళలో ఒకటి. ఫ్రెంచి వాళ్ళు గుట్ట ఎక్కారు, వెనక్కి తోశారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ తోశారు. వాన పడి నేలంతా బురదైంది. సాయంత్రానికి ప్రపంచంలో గొప్ప సైన్యం ఆ బురదలో జారుకుంటూ వెనక్కి పోయింది.

అక్కడితో కథ అయిపోతే నేనూ చప్పట్లు కొట్టి ఊరుకునేదాన్ని. కానీ మరుసటి ఏడాది ఫ్రెంచి వాళ్ళు ఇంకా పెద్ద సైన్యంతో వచ్చి ఊరిని చుట్టుముట్టారట. లోపల తిండి అయిపోయింది, గుండ్లు అయిపోయాయి. ఊరు లొంగిపోయింది. ఎక్కణ్ణుంచో ఒక పరాయి రాజుని తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టారు. అతన్ని దించడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

"మరి ఓడిపోయారు కదా, ఇంకా పండగ ఎందుకు?" అని అడిగాను.

లూపే పెనం మీంచి చూపు తిప్పకుండా అంది: "గెలిచామని కాదు మిహా. ఆ రోజు పారిపోలేదని. మీరు నిలబడలేరని అందరూ అన్నారు. నిలబడ్డారు. తర్వాత ఏం జరిగినా ఆ రోజు జరిగిందే గదా. దాన్ని ఎవరూ తీసుకుపోలేరు."

వాళ్ళ దేశంలో కూడా మిగతా చోట్ల దీన్ని పెద్దగా పట్టించుకోరట. పుయెబ్లా వాళ్ళకే అది ప్రాణం. చిన్నప్పుడు స్కూలు నుంచి వాళ్ళు ఊరేగింపుకి వెళ్ళేవాళ్ళట. సరిహద్దు అవతల అమెరికాలో బీరు అమ్ముకునేవాళ్ళు దీన్ని తాగుడు పండగ చేశారని, అక్కణ్ణుంచి ఇంత దూరం పాకిందని చెప్పింది. ఆమెకి కోపం లేదు. "తాగనీ. కానీ పేరైనా సరిగ్గా చెప్పాలి" అంది, అంతే. ఆ రోజు తన ఊరి కూర చేస్తానని అంకుల్‌ని అడిగింది. మోలె అంటారు. ఎండుమిర్చి, నువ్వులు, వేరుశనగలు, చాక్లెట్, ఇంకా ఏవేవో నూరి చేసే పులుసు. వారం ముందు సరేనన్నారు. సరుకులు తనే కొనుక్కుని, ఇంటి దగ్గర రెండు రోజులు కూర్చుని నూరి, పెద్ద గిన్నెతో తెచ్చింది. తెచ్చాక అంకుల్, ఇవాళ టాకోలు, బీరు తప్ప ఏమీ కదలవు, ఈ నల్ల పులుసు ఎవరు తింటారు, ఫ్రిజ్‌లో పెట్టు అన్నారు.

ఇంకా అసలు సంగతి రాలేదు, ఓపిగ్గా చదువు.

ఆ సాయంత్రం తలుపులు తెరిచే ముందు అంకుల్ నా చేతికి ఒక పేరు బిళ్ళ ఇచ్చారు. "మరియా" అని ఉంది. ఈ పూటకి నేను మరియాని, మెక్సికో నుంచి వచ్చాను, ఇంగ్లీషు కొంచెం సాగదీసి మాట్లాడాలి. వేళాకోళానికి అంటున్నారేమోనని ముఖం చూశాను. నవ్వట్లేదు. లూపే ఉంది కదా అంకుల్, నిజమైన మెక్సికన్, ఆమె హాల్లో కాసేపు నిలబడుతుంది అన్నాను. ఆమె వయసు మళ్ళిన మనిషి, ముఖం సీరియస్‌గా ఉంటుంది, నువ్వైతే చక్కగా నవ్వుతావు అన్నారు. "వీళ్ళకి మనమూ వాళ్ళూ ఒకటేనమ్మా. రంగు చాలు" అన్నారు.

ఆయన కూడా ఈ దేశానికి వచ్చిన కొత్తలో పడరాని మాటలు పడ్డారని ఆంటీ ఒకసారి చెప్పింది. పెట్రోల్ బంకులో పని చేసేటప్పుడు ఎవరెవరో ఏవేవో పేర్లు పెట్టి పిలిస్తే నవ్వేసేవారట. నవ్వబట్టే బతికామని ఆయన నమ్మకం. సరే, అది ఆయన బతుకు. కానీ అదే నవ్వు మా మూతికి కూడా అంటించబోయారు, ఆ మీసాల్లాగే. నాకు కోపం అక్కడ.

బిళ్ళ పెట్టుకున్నాను. దాచను. వీసా గుర్తొచ్చి పెట్టుకున్నాను. ఒక గంట సేపు మరియాగా తిరిగాను. ఎక్కణ్ణుంచి వచ్చావని ఒక ముసలావిడ ప్రేమగా అడిగితే మెక్సికో అన్నాను. మీ దేశం చాలా అందంగా ఉంటుందట గదా అంది. అవునన్నాను. చీరాలలో పుట్టిన మనిషిని, ఆవిడ కళ్ళలోకి చూస్తూ అవునన్నాను.

హాలు నిండింది. మధ్య టేబుల్ దగ్గర ఒక ఆఫీసు గుంపు అప్పటికే బాగా తాగి ఉంది. ప్లేట్లు ఎక్కువై లూపే తనే రెండు పట్టుకుని బయటికి వచ్చింది. వాళ్ళలో ఒకతను లేచి, తన టోపీ తీసి ఆమె తల మీద పెట్టాడు. పక్కనున్న అమ్మాయి మీసం అంటించింది. లూపే చేతుల్లో వేడి ప్లేట్లు ఉన్నాయి, అడ్డుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. డాన్స్, డాన్స్ అని టేబుల్ మీద కొట్టారు. అంకుల్ అడ్డం వెళ్తారనుకున్నాను. ఆయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టారు. "స్మైల్, లూపే. ఇవాళ మీ ఇండిపెండెన్స్ డే" అన్నారు.

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. ప్లేట్లు అలాగే పట్టుకుని నిలబడింది.

అన్నయ్యా, ఉగాది నాడు ఎవరో పది మంది తాగి మన నాన్నని మధ్యలో నిలబెట్టి, తలపాగా చుట్టి, మీసం అంటించి, ఇవాళ మీ స్వతంత్ర దినం గదా గంతులెయ్యి అంటే నువ్వేం చేస్తావు? వీడియో తీసేవాడు మన బంధువని ఊరుకుంటావా? చదవడం ఆపి ఒక్క నిమిషం ఆలోచించు. నాకు జవాబు కావాలి.

నేను వెళ్ళి ఆమె చేతుల్లోంచి ప్లేట్లు తీసుకుని టేబుల్ మీద పెట్టాను. టోపీ తీసేశాను. మీసం ఆమే పీక్కుంది, పెదవి పైన ఎర్రగా అయింది. ఆ టోపీ అతనితో ఇంగ్లీషులో చెప్పాను, అరవలేదు: ఇవాళ స్వతంత్ర దినం కాదు. ఈమె ఊరి వాళ్ళు ఒక పెద్ద సైన్యానికి ఎదురు నిలబడిన రోజు. నేను మరియాని కాదు, నా పేరు స్వరూప, నాది ఇండియా. మీరు తింటున్నది మాత్రం నిజంగా ఈమె చేసిందే. బిళ్ళ తీసి టేబుల్ మీద పెట్టాను. ఆ అమ్మాయి తల దించుకుంది. అతను సారీ అన్నాడు కూడా. అక్కడితో అయిపోయేది. నిజానికి వాళ్ళ మీద నాకిప్పుడు పెద్ద కోపం లేదు. తెలియక చేశారు. తెలిసిన మనిషి ఒకరు అక్కడే ఫోన్ పట్టుకుని ఉన్నారు.

అంకుల్ నా మోచెయ్యి పట్టుకుని కౌంటర్ వెనక్కి లాక్కెళ్ళారు. అందరికీ కనిపించేలా నవ్వుతూనే, తెలుగులో అన్నారు: "సీన్ చెయ్యకు. నీ వీసా ఎవరి చేతిలో ఉందో గుర్తుంచుకో. వెళ్ళి వాళ్ళకి సారీ చెప్పి బిళ్ళ పెట్టుకో."

నేను కూడా తెలుగులోనే చెప్పాను. "వీసా మీ చేతిలో ఉంది అంకుల్. నా పేరు మీ చేతిలో లేదు."

నేనన్న పెడసరం మాట అదొక్కటే. దీన్నే ఆయన నీకు తాగుబోతు గొడవగా చెప్పారు.

లూపేకి తెలుగు రాదు, అయినా నా మోచెయ్యి చూసింది. నేరుగా కిచెన్‌లోకి వెళ్ళి పొయ్యిలన్నీ ఆపేసింది. ఆప్రాన్ విప్పి మడిచి పెట్టింది. తన సొంత కత్తి గుడ్డలో చుట్టుకుంది. ఫ్రిజ్ తెరిచి మోలె గిన్నె బయటికి లాగింది. అది బరువు, ఒక్కతే ఎత్తలేదు. చెరో చెవీ పట్టుకుని వెనక తలుపు గుండా ఆమె కారు దాకా మోశాం. అంకుల్ వెనకే వచ్చి బతిమాలారు, తర్వాత తిట్టారు, తర్వాత మళ్ళీ బతిమాలారు. హాలు నిండా జనం, లోపల వండేవాళ్ళు లేరు. ఆ రాత్రి ఆయనకి చాలా నష్టమైంది, ఒప్పుకుంటాను. నేను చేయించలేదు. చేస్తుంటే ఆమెని వద్దనీ అనలేదు.

మర్నాడు ఇక పనికి రావద్దని, ఇమ్మిగ్రేషన్‌కి రాసేస్తానని మెసేజ్ పెట్టారు. రెండు రోజులు భయంతో మంచం దిగలేదు. ఆ రెండు రోజుల్లోనే నువ్వు ఫోన్ చేసింది. నాకు మనిషి కావాల్సిన రోజు నువ్వు నాకు జడ్జివయ్యావు. ఇది మాత్రం నేను అంత తొందరగా మర్చిపోను.

తర్వాత లూపే వచ్చి నన్ను లేపి, ఇక్కడ ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే ఆఫీసుకి తీసుకెళ్ళింది. అక్కడ ఒక మావోరీ ఆవిడ, ఈ నేల మూలవాసి, అంతా విని, అంకుల్ మెసేజ్ చదివి, వీసా చూపించి బెదిరించడమే ఇక్కడ తప్పు అంది. ఇలాంటి యజమానుల దగ్గర్నుంచి బయటపడే వాళ్ళకి వేరే వీసా ఒకటి ఉందట. దానికి అప్లై చేశాం. ఇస్తారో లేదో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేదు. లూపే తను చూసిందంతా కూర్చుని రాసిచ్చింది, ఇంగ్లీషు తప్పులతో, దిద్దుతానన్నా దిద్దనివ్వకుండా. ఆమెకి ఇక్కడే ఉండిపోయే రెసిడెన్సీ ఉంది. ఇందులో తలదూర్చాల్సిన అవసరమే లేదు. రక్తసంబంధం లేదు, కులం లేదు, ఊరు లేదు. ఆమె వచ్చింది. రక్తసంబంధం ఉన్నవాడివి నువ్వు ఫోన్ పెట్టేశావు.

ఇప్పుడు ఆమె శనివారం సంతలో చిన్న స్టాల్ పెట్టింది. మోలె పోస్తుంటే జనం లైన్ కడుతున్నారు. నేను కౌంటర్ ఇవతల నిలబడి తినడమే, ఊరికే సాయం చేసినా పని కిందకే లెక్క వేస్తారని భయం. చేతులు కట్టుకుని నిలబడటం నాకు ఎంత కష్టమో అమ్మకి తెలుసు.

ఒంటరిగా ఉన్నానని బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు. హారిక ఉంది, లూపే ఉంది. హారిక తిరిగొచ్చేటప్పుడు కందిపొడి, గోంగూర పచ్చడి పంపండి, సీలు వేసిన షాపు ప్యాకెట్లే పంపండి. గింజలు, ఆకులు ఏవీ పెట్టకండి, ఎయిర్‌పోర్టులో పారేస్తారు. అమ్మకి తేనె, బుజ్జికి ఉన్ని టోపీ పంపుతున్నాను. వదినతో చెప్పు, ఆమె మీద నాకు ఇసుమంతైనా కోపం లేదు. మేనమామ చేసినదానికి ఆమెని నువ్వు ఒక్క మాట అన్నా నేను ఊరుకోను. రోటోటూనా ఆంటీకి స్వెట్టర్ ఉతికి పంపిస్తాను. ఆవిడ మంచిది.

అంకుల్‌కి క్షమాపణ చెప్పను. ఇప్పుడు కాదు, నువ్వు ఇంకో పదిసార్లు స్పీకర్ పెట్టినా కాదు.

ఈ వీసా రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే పెట్టె సర్దుకుని వచ్చేస్తాను. అప్పుడు మన వీధిలో, మీ అత్తారింట్లో, నీ షాపు దగ్గర అందరూ అడుగుతారు, చెల్లెలు ఎందుకొచ్చేసిందని. అక్కడ వాతావరణం పడలేదనో, పెళ్ళి చేద్దామని పిలిపించామనో చెప్పకు. పనిచేసే చోట ఒక పెద్దావిడని ఎగతాళి చేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు, అందుకని పంపించేశారు అని చెప్పు. గొంతు తగ్గించకుండా చెప్పు. నీ దగ్గర్నుంచి నాకు కావాల్సింది అదొక్కటే.

నా తరఫున అమ్మ పాదాలూ నాన్న పాదాలూ తాకి, వాళ్ళ దీవెన నా మీద ఉంచమన్నానని చెప్పు.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని నీ చెల్లెలు,
స్వరూప